మఖలో వాన ఎగ్గొడితే మక్క, జొన్న, వరి ఏమైతయి

2023 వానాకాలం యాదికి తెచ్చుకుంటే, జులై ఆఖర్లో వానలు దంచికొట్టి ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లకు ఊళ్లు మునిగినయి, అది జరిగి వారం తిరక్కముందే ఆగస్టు వచ్చింది, ఇగ వాన జాడే లేదు. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిపోయిన ఆగస్టు ఇంకోటి లేదు, మామూలుగా పడాల్సిన దాని కన్నా 36 శాతం తక్కువ పడ్డది. సెప్టెంబర్‌లో మళ్లా పడ్డయి, సీజన్ అయిపోయేసరికి దేశం లెక్క 94 శాతం దగ్గర తేలింది, అంటే కాగితం మీద చూస్తే పెద్ద కరువేం కాదు, ఆరు శాతం తక్కువ, అంతే. కానీ జూన్ ఆఖర్లో చెల్కల, అంటే తేలికపాటి ఎర్ర నేలల, మక్క పెట్టిన రైతుకు ఆ ఆరు శాతం ఏం చెప్తది? ఆ మక్క జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత) వేసి కంకికి పీచు తీసేది సరిగ్గా ఆగస్టు నడిమిట్లనే కదా.

బెట్ట, అంటే వాన లేక పైరుకు నీళ్లు అందకపోవుడు, దాని గురించి మాట్లాడేటప్పుడు అన్నిటి కన్నా ముందు పట్టుకోవాల్సిన ముచ్చట ఇదే. సీజన్ మొత్తంలో ఎన్ని మిల్లీమీటర్లు పడ్డయి అనే దాని కన్నా, పైరు ఏ దశలో ఉన్నప్పుడు వాన ఎగ్గొట్టింది అనేదే దిగుబడిని ఎక్కువ తేలుస్తది. పాలమూరు, నల్లగొండ వైపు ఏడాది వాన సగటున 600, 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటది, వంద, నూట పది రోజుల జొన్నకు మొత్తం మీద 400, 450 మిల్లీమీటర్లు సరిపోతయి, కాబట్టి ఉత్త కూడిక, తీసివేత చేస్తే మనకు జొన్న ఎప్పుడూ ఎండకూడదు. అయినా ఎండుతది. వాన పడ్డ రోజులు, పైరుకు దాహమైన రోజులు ఒకటి కాకపోవుడే దానికి కారణం.

మన పెద్దలు ఈ సంగతిని ఒక్క సామెతలో పెట్టిన్రు, "మఖ పుబ్బలు వరుపైతే మహా కరువు" అని. వరుపు అంటే వాన లేకుండ వట్టిగ పోవుడు. మఖ కార్తె ఆగస్టు 16, 17 నాటికి వస్తది, పుబ్బ సెప్టెంబర్ 12, 13 దాకా ఉంటది. మృగశిర దాటి ఆరుద్రలో, అంటే జూన్ 25, 30 మధ్య విత్తిన మక్క 50, 55 రోజులకు జల్లు వేస్తది, జొన్న 60, 70 రోజులకు ఈనుతది, అంటే కంకి తీస్తది, వేళ్ల మీద లెక్కేసుకుంటే రెండూ వచ్చి మఖ, పుబ్బల్లోనే పడతయి. జులైలో నాటిన వరి కూడ పుబ్బ నాటికి చిరుపొట్ట (కాడ లోపల కంకి పుట్టే దశ) వైపు నడుస్తుంటది. సామెత కట్టినోళ్లకు పుప్పొడి అనీ హార్మోన్ అనీ తెలియకపోవచ్చు కానీ ఏ ఇరవై ఏడెనిమిది రోజులు పంటను తేలుస్తయో మాత్రం కచ్చితంగా తెలుసు.

ఇప్పుడు నేల లెక్క చూద్దాం, ఎందుకంటే పది రోజులు వాన ఎగ్గొడితే ఒకరి చేను ఎండుతది, పక్క ఊరి చేను పచ్చగనే ఉంటది, దాని గుట్టు నేలలో ఉన్నది. చెల్క నేల, దుబ్బ నేల ఉన్న చోట చాలా వరకు అడుగు, అడుగున్నర తవ్వంగనే మొరం తగుల్తది. అంత లోతులో, వాన బాగ పడి నిండిన రోజు కూడ పైరు గుంజుకోగలిగిన నీళ్లు 40 మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. ఆగస్టు ఎండలో నిండుగ పెరిగిన మక్క రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు తాగుతది. 40ని 5తో భాగిస్తే ఎనిమిది రోజులు, అందులో కూడ సగం నీళ్లు అయిపోయినంక మిగిలింది గుంజుకునుడు కష్టమైతది కాబట్టి ఐదో రోజు నుంచే మొక్కకు ఇబ్బంది మొదలైతది. మక్తల్, గద్వాల, అలంపూర్ వైపు మీటరు లోతు నల్లరేగడి ఉన్న చోట అదే లెక్క వేస్తే 180, 200 మిల్లీమీటర్ల నీళ్లు దాచుకునే సత్తా ఉంటది, అంటే నెల పైచిలుకు. రెండు చేన్లకూ పడ్డ వాన ఒక్కటే, ఎండిన రోజులూ ఒక్కటే. మండలం మొత్తానికి ఒక్క రెయిన్‌గేజ్ లెక్క చూసి పైరు పరిస్థితి చెప్పేవాళ్లు ఈ తేడాను మింగేస్తరు, ఇది చాలా అన్యాయం అనిపిస్తది, ఎందుకంటే చెల్కల మీద బతికేటోళ్లే ఎక్కువ బీదోళ్లు.

మొక్క లోపల ఏం జరుగుతది అంటే, వేర్లు గుంజిన నీళ్లలో నూటికి 97 వంతుల పైనే ఆకుల మీది సన్నటి రంధ్రాల నుంచి ఆవిరైపోతయి, మొక్క ఒంట్లో మిగిలేది రెండు మూడు వంతులే. ఇది దండుగ అనుకోవద్దు, ఆ రంధ్రాలు తెరుచుకుంటేనే గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోయి పిండి పదార్థం తయారైతది, ఆ ఆవిరి పోవుడుతోనే ఆకు చల్లగ ఉంటది, మనకు చెమట పట్టినట్టు. నీళ్లు తగ్గితే మొదట ఆగేది ఎదుగుదల, రంధ్రాలు మూసుకునుడు, ఆకు వాడుపట్టుడు అన్నీ ఆ తర్వాతనే. కణం లోపల నీళ్లు నిండి బిగుతుగ ఉంటేనే అది సాగుతది, సైకిల్ ట్యూబులో గాలి ఉంటేనే ఉబ్బినట్టు, ఆ బిగువు కొంచెం తగ్గినా ఆకు పొడుగు సాగుడు ఆగిపోతది, అప్పటికి ఆకు రంగు మారదు, వాడిపోదు, పైకి చూస్తే పైరు బాగనే ఉన్నట్టుంటది. అందుకే "ఇంకా ఎండలేదు కదా" అని ఆగే టైంకు పైరు అప్పటికే మూడు నాలుగు రోజుల ఎదుగుదల పోగొట్టుకుని ఉంటది.

తర్వాత వేర్ల దగ్గర పదును (నేల తడి) ఇంకా తగ్గుతుంటే అబ్సిసిక్ యాసిడ్ అనే హార్మోన్ పెరిగి ఆకులకు చేరుతది. ఒక్కో రంధ్రానికి రెండు పక్కల రెండు కాపలా కణాలు ఉంటయి, ఈ హార్మోన్ తగలంగనే వాటిలో ఉన్న పొటాషియం బయటికి పోతది, దాని వెంబడి నీళ్లూ పోతయి, కణాలు చప్పబడి రంధ్రం మూసుకుంటది. నీళ్లు పోవుడు ఆగింది కానీ కార్బన్ డయాక్సైడ్ రావుడూ ఆగింది, పిండి తయారీ పడిపోయింది, ఆవిరి లేదు కాబట్టి ఆకు వేడెక్కుడు మొదలైంది, పైన ఎండ మాత్రం అట్లనే కొడుతున్నది. ఆ ఎండ శక్తి వాడుకోవడానికి పని లేక ఆకు లోపల విషం లాంటి ఆక్సిజన్ రూపాలుగ మారి కణాలనే కాలుస్తది, కింది ఆకుల కొసలు కాలినట్టు ఎండుడు మనకు కనపడేది ఇదే. ఇంకో పక్క మొక్క తయారైన కొంచెం తిండిని కూడ పైకి కాకుండ వేర్ల వైపు మళ్లిస్తది, కింద ఏమన్నా తడి దొరుకుతదేమో అని. ప్రొలిన్, చక్కెరల లాంటివి కణాల్లో పోగేసుకుని మట్టి గట్టిగ పట్టుకున్న నీళ్లను కూడ గుంజే ప్రయత్నం చేస్తది. ఆకును గొట్టం లెక్క చుట్టుకుంటది, ఎండ తగిలే జాగా తగ్గించడానికి. ఇదంతా బతకడానికి, గింజ కట్టడానికి కాదు, ఈ రెండింటికీ తేడా ఉన్నది, పైరు బతికి బయటపడి కూడ గింజ లేకుండ పోవచ్చు.

మోకాలెత్తు కూడ రాని దశలో పది రోజులు వాన లేకపోతే జొన్నకు గానీ మక్కకు గానీ పెద్ద నష్టం ఉండదు, పైగా వేరు కొంచెం లోతుకు దిగుతది, తర్వాత వాన పడితే కోలుకుంటది. మొలక దశలో ఎండితే మళ్లా విత్తుకోవాలె, అది ఖర్చు, కానీ సీజన్ చేతిలోనే ఉంటది. అసలు దెబ్బ పొట్ట, పూత దశల్లోనే.

దానికి మక్క కంకిని మించిన సాక్ష్యం లేదు. కంకి మీద ఉన్న ఒక్కొక్క పీచు ఒక్కొక్క గింజది, ఐదారు వందల గింజలు కావాలంటే ఐదారు వందల పీచులు బయటికి రావాలె, ఒక్కో దాని మీద పుప్పొడి పడాలె. పీచులో దాదాపు అంతా నీళ్లే, పదును బాగుంటే రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు సాగుతది. కంకి మొదట్లో ఉన్న గింజల పీచు ముందు వస్తది, కొసన ఉన్న గింజల పీచు అన్నిటి కన్నా ఆఖరుకు వస్తది. ఇప్పుడు బెట్ట వచ్చింది అనుకోండి, పైన జల్లు మాత్రం తన టైంకు తాను విచ్చుకుని వారం రోజుల్లో పుప్పొడి రాల్చేస్తది, బెట్ట దాన్ని పెద్దగ ఆపదు, కింద పీచు మాత్రం నీళ్లు లేక సాగలేక రెండు రోజులు, నాలుగు రోజులు, ఒక్కోసారి వారం లేటైతది. పీచు బయటికి వచ్చేసరికి మీద పుప్పొడి అయిపోయి ఉంటది. అందుకే బెట్ట తగిలిన కంకిని ఒలిస్తే మొదట్లో నాలుగు వరసలు గింజ ఉండి పైన కొస అంతా బోడిగ, తెల్లటి బెండు కనపడుతది, లేకపోతే నోట్లో పళ్లు ఊడినట్టు అక్కడొకటి అక్కడొకటి గింజ ఉంటది. పుప్పొడి అంది గింజ కట్టినా దానికి మొదటి రెండు వారాల్లో చక్కెర అందకపోతే మొక్క కొస గింజలను తానే వదులుకుంటది, అవి చిన్న నీటిబొట్టు లెక్క ఉబ్బి ముడుచుకుపోతయి. ఆ తర్వాత ఎంత మంచి వాన పడ్డా పోయిన గింజ మళ్లా రాదు, ఉన్న గింజలు కొంచెం లావైతయి, అంతే. మొక్క మాత్రం ఆ వానకు మళ్లా పచ్చబడుతది, రోడ్డు మీద పోయేటోళ్లు చూసి మక్క మంచిగున్నది అంటరు.

వరి సంగతి వేరే తీరు. వరికి మొదటి నుంచీ నీళ్లలో పెరిగే అలవాటు, దమ్ము చేసిన మడిలో కింద గట్టి పొర ఉంటది కాబట్టి వేరు చాలా వరకు జానెడు లోతులోనే ఆగిపోతది, మిగతా పంటలకు నేల తడి ఆరి ఆరి సగమైనంక కష్టం మొదలైతే వరికి మడిలో నీళ్లు ఇంకిపోయి నేల నెర్రె ఇయ్యబోతుంటేనే మొదలైతది. పిలకలు వేసే టైంలో ఎండితే పిలకలు తగ్గుతయి, నీళ్లు పెడితే కొంత వరకు సర్దుకుంటది. కంకి బయటికి రావడానికి పది, పన్నెండు రోజుల ముందు పొట్టలో పుప్పొడి కణాలు తయారయ్యే టైం ఉంటది చూడండి, అప్పుడు నాలుగైదు రోజులు బెట్ట తగిలినా పుప్పొడిలో పిండి చేరదు, అది వట్టిది అయితది. తర్వాత కంకిని బయటికి నెట్టే కాడ సాగాలంటే మళ్లా నీళ్ల బిగువే కావాలె, అది లేకపోతే కంకి సగం పొట్టలోనే ఇరుక్కుపోతది, లోపల ఉన్న గింజలు విచ్చుకోనే విచ్చుకోవు. బయటికి వచ్చినయి తెల్లగ నిలబడతయి, లోపల గింజ లేని పొల్లు.

ఇక్కడ ఒక పొరపాటు చాలా చోట్ల జరుగుతది. తెల్లకంకి కనపడంగనే మొగి పురుగు అనుకుని మందు కొట్టేస్తరు. పురుగు కొట్టిన కంకిని పట్టి గుంజితే చేతికి సులువుగ ఊడి వస్తది, కింద కొరికిన ఆనవాలు ఉంటది. బెట్టకు తెల్లబడ్డ కంకి అట్ల రాదు, పైగా మడిలో అక్కడొకటి అక్కడొకటి కాకుండ నీళ్లు అందని మెరక పక్క మొత్తం ఒకే తీరుగ ఉంటది. రెండు కంకులు గుంజి చూస్తే తెలిసిపోయేదానికి వేల రూపాయల మందు పోసుడు ఎందుకు.

నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ వైపు వరికీ, దేవరకొండ, మునుగోడు వైపు బోర్ల కింద వరికీ బెట్ట ఒకే లెక్క కాదు. బోర్ల కింద యాసంగి వరి జనవరిలో నాటితే మార్చి ఆఖర్లో ఈనుతది, సరిగ్గా అప్పుడే రెండించులు పోసే బోరు ఇంచు కాడికి వస్తది, ఆ మీద ఎండ. వరి పూత పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు లోపల విచ్చుకుంటది, ఆ టైంలో కంకి దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగ్గ రాలదు, గింజ పట్టదు. నీళ్లు నిండుగ ఉంటే ఆకుల ఆవిరి వల్ల మడి లోపల బయట కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగ ఉండొచ్చు, నీళ్లు తగ్గితే ఆ చల్లదనమూ పోతది, అంటే బెట్టా వేడీ రెండూ ఒకే రోజు తగుల్తయి. బోరు తగ్గుడు మొదలైనప్పుడు ఉన్న నాలుగు మడులకూ తలా కొంచెం పారించి అన్నీ అరకొరగ చేసుకునే దాని కన్నా, రెండు మడులు ముందే పశువులకు వదిలేసి మిగిలిన రెండింటికి ఈనే దాకా నిండుగ పెట్టుకునుడే లెక్క ప్రకారం మేలు. మనసొప్పదు, నాటిన చేతులతో వదిలేసుడు అంటే పానం గుంజుతది, అది నిజమే. కానీ పూత దశలో సగం నీళ్లకు సగం పంట రాదు, పావు వంతు కూడ రాకపోవచ్చు.

జొన్న, సజ్జలు ఈ నేలలో ఎందుకు నిలబడ్డయో ఇప్పుడు తేలికగ అర్థమైతది. జొన్న, సజ్జ, మక్క మూడూ సీ-ఫోర్ మొక్కలు, వాటి ఆకు లోపల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఒక దగ్గర పోగుచేసే ఏర్పాటు ఉంటది, రంధ్రాలు సగమే తెరిచినా పని నడుస్తది. వరి, గోధుమలకు అది లేదు. వందేళ్ల కింద అమెరికాలో మొక్కలను కుండీల్లో పెంచి, తూకం వేసి కొలిచినప్పుడు కిలో ఎండు పదార్థం కట్టడానికి జొన్నకు సుమారు 320 లీటర్లు, మక్కకు 370 లీటర్లు, వరికి 700 లీటర్ల నీళ్లు పట్టినయి. కాబట్టి నీళ్ల పొదుపులో మక్క కూడ జొన్నకు దగ్గరదే, కానీ మక్కకు ఓపిక లేదు. దానికి ఒక్కటే కాండం, ఒక్కటే జల్లు, ఒకటీ రెండు కంకులు, ఆ వారం పోతే పోయినట్టే. జొన్న అట్ల కాదు, పూతకు ముందు బెట్ట తగిలితే ఎదుగుడు ఆపేసి ఆకులు చుట్టుకుని, మీద మైనం పొరతో నీళ్లు కాపాడుకుంటూ పది, పదిహేను రోజులు ఉన్నకాడనే ఉండిపోతది, వాన పడంగనే మళ్లా అందుకుంటది, కంకి నాలుగు రోజులు లేటుగ వస్తది. వేరు నిలువెత్తు లోతుకు పోగలదు. సజ్జకు ఇంకో ఉపాయం ఉన్నది, పిలకలు ఒకేసారి కాకుండ విడతలుగ ఈనుతయి, మొదటి కంకి వరుపులో పోయినా వెనక వచ్చే పిలకలు వాన అందుకుని గింజ కడతయి. చెల్కల మక్క వేసుడు బాగ పెరిగిపోయింది, ధర వల్ల, కోళ్ల దాణా గిరాకీ వల్ల, దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు, కానీ నీళ్లు పెట్టుకునే వసతి ఏదీ లేకుండ అడుగు లోతు చెల్కల మక్క వేసుడంటే ఆగస్టులో ఒక్క వారం వాన మీద మొత్తం పెట్టుబడి పెట్టినట్టే.

జొన్నకు పూత తర్వాత బెట్ట తగిలితే మాత్రం కష్టమే. గింజ పాలు పోసుకునే టైంలో ఆకుల నుంచి తిండి చాలకపోతే మొక్క కాండంలో దాచుకున్న చక్కెర గుంజి గింజకు పెడతది, కాండం డొల్లబడుతది, అప్పుడు నేలలో ఉన్న మసికుళ్లు శిలీంధ్రం వేర్ల నుంచి ఎక్కుతది. పైకి ఎండినట్టు కనపడే దంటును చీలిస్తే లోపల నల్లటి మసి చల్లినట్టు ఉంటది, గాలికి చేను చేనే కింద పడుతది. దీన్ని తట్టుకునే జొన్నల్లో ఒక గుణం ఉంటది, గింజ గట్టిపడే దాకా పై ఆకులు పచ్చగనే ఉంటయి. ఇథియోపియా జొన్నల నుంచి వచ్చిన ఈ గుణం మీద పటాన్‌చెరువులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఏండ్ల తరబడి పని జరిగింది. అందులో తేలిన కీలకం ఏందంటే ఆ మొక్కలు పూతకు ముందు ఆకులు చిన్నగ పెట్టుకుని నీళ్లు తక్కువ వాడుకుంటయి, నేలలో మిగిలిన ఆ కొంచెం నీళ్లు గింజ కట్టే టైంకు అక్కరకొస్తయి. మొదట్లో ఏపుగ, నల్లగ పెరిగే పైరు చూడ్డానికి బాగుంటది కానీ వరుపు నేలలో అదే దానికి శత్రువు.

యాసంగి జొన్న అయితే బెట్టలోనే పుట్టి బెట్టలోనే పండే పంట. సెప్టెంబర్, అక్టోబర్‌లో రేగడిలో విత్తుతరు, తర్వాత వాన దాదాపు ఉండదు, వానాకాలంలో నేల తాగి దాచుకున్న నీళ్లే ఫిబ్రవరి దాకా. పైన ఆరిన కొద్దీ తడి కిందికి దిగుతుంటే వేరు దాని వెంట పడి దిగుతది. అక్టోబర్ నడుమ దాటినంక విత్తితే పై పొర ఆరిపోయి వేరు తడిని అందుకోలేదు, గింజ కట్టే టైంకు నేల ఖాళీ అయితది. 1930లలో మహారాష్ట్రలో వచ్చిన మాల్దండి జొన్న ఇప్పటికీ యాసంగి చేన్లలో నడుస్తున్నదంటే, గింజ తెలుపు ఒక్కటే కాదు, ఈ కిందికి దిగే తడి మీద బతికే గుణమే దానికి కారణం. రేగడి నెర్రెలు ఇచ్చుడు మొదలు కాంగనే గుంటుక పట్టి పై మట్టి పొడి చేసుడు కూడ అందుకే, నెర్రె అంటే కింది తడికి తెరిచిన తలుపు, పొడి మట్టి దానికి మూత.

పశువులు ఉన్నోళ్లు ఇంకో సంగతి తప్పకుండ చూసుకోవాలె. బెట్టకు గిడసబారిన లేత జొన్నలో, కోసినంక మళ్లా వచ్చిన పిలకల్లో సైనైడ్ విషం పుట్టే పదార్థం ఎక్కువైతది, మన దగ్గర నాము అనేది ఇదే. వరుపు తర్వాత వాన పడి పైరు మళ్లా చిగురేసే రోజుల్లో ఇది మరీ ప్రమాదం, ఆకలి మీద ఉన్న బర్రె ఒక్క పూట చేన్ల పడితే గంటలోపే తన్నుకుని చచ్చిపోవచ్చు. ఎండిన చేను ఎట్లాగూ పోయింది, పశువులకన్నా మేపుదాం అనుకునుడు సహజం, కానీ జొన్న పూతకు రాకముందు పచ్చిగ మేపొద్దు, కోసి బాగ ఎండబెట్టి చొప్పలెక్క వేస్తే విషం చాలా వరకు తగ్గుతది.

ఇగ చేయగలిగింది ఏంది అంటే, ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు అంటేనే నాలుగు వేల లీటర్లు. చెల్కల మక్కను ఆరు రోజులు కాపాడాలంటే 30 మిల్లీమీటర్లు, అంటే లక్షా ఇరవై వేల లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు 24 కావాలె, కొనుక్కుని పోసే పని కాదు. పది మీటర్లు పొడుగు, పది వెడల్పు, రెండున్నర లోతు తవ్విన నీటి కుంటలో నిండితే రెండున్నర లక్షల లీటర్లు పడతయి, ఇంకుడు, ఆవిరి పోంగ ఎకరానికి ఒక్క తడి కచ్చితంగా, దేవుడు దయ తలిస్తే రెండు. చెల్కల అడుగున కవర్ వేయకపోతే నీళ్లు నిలవవు. ఆ ఒక్క తడి జులైలో పైరు కొంచెం వాడంగనే పెట్టేస్తే ఆకు పెరుగుతది, మఖలో జల్లు కనపడే దాకా ఆపి సాలు విడిచి సాలు పారిస్తే గింజ దక్కుతది. అదే నీళ్లు, అదే ఖర్చు. వరికి బోరు కింద తడి పెట్టుడు, ఆరబెట్టుడు పద్ధతిలో కూడ ఇదే సూత్రం, మడిలో చిల్లుల పైపు పాతి లోపల నీళ్లు జానెడు లోతుకు దిగేదాకా ఆగి పెట్టొచ్చు, కానీ పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనీయొద్దు.

వాన లేనప్పుడు యూరియా చల్లుడు వద్దు, తడి లేకపోతే వేరు దాన్ని గుంజలేదు, కొంచెం గుంజినా ఆకు పెరిగి ఉన్న నీళ్లు ఇంకా తొందరగ అయిపోతయి. దాని బదులు లీటరు నీళ్లకు 20 గ్రాముల యూరియా, లేకుంటే 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్కకు కొంచెం ఊపిరి తిరుగుతది, పొటాషియం రంధ్రాల పనికి కూడ పనికొస్తది. అది నీళ్లకు బదులు కాదు, వాన వచ్చే దాకా పట్టి ఉంచుడే. జొన్నలో కంది సాళ్లు వేసుడు మన దగ్గర పాత అలవాటు, జొన్న పూత పుబ్బ చుట్టూ ఉంటే కంది పూత చలికాలం ముంగిట ఉంటది, ఒక్క వరుపుకు రెండూ పోవు. ఒక్కటే పంట వేసేటోళ్లు కూడ ఉన్న నాలుగు ఎకరాలు ఒకే రోజు విత్తకుండ పదిహేను రోజుల తేడాతో రెండు విడతలు విత్తితే అంతా ఒకే వారంలో పూతకు రాకుండ ఉంటది.

పైరుకు నిజంగా ఎంత కష్టమైందో చూడ్డానికి మిషన్లు అక్కర్లేదు, కానీ చూసే టైం ముఖ్యం. మిట్ట మధ్యాహ్నం ఆకులు చుట్టుకున్నయని బెదరొద్దు, ఎండకు తాగేది తక్కువై పోయేది ఎక్కువై అట్ల అయితది, సాయంత్రానికి విప్పుకుంటది. పొద్దున ఆరు, ఏడు గంటలకు చేన్లకు పోయి చూడాలె, రాత్రంతా ఆవిరి లేకుండ వేర్లు గుంజిన నీళ్లతో ఆకు పూర్తిగ విప్పుకుని ఉంటే ఇంకా రెండు మూడు రోజులు ఆగొచ్చు. ఆ పొద్దున కూడ ఆకు గొట్టం లెక్కనే ఉంటే రాత్రి కూడ దానికి నీళ్లు దొరకలేదు అని అర్థం. ముందు మెరక మీద, మొరం పైకి తేలిన చోట కనపడుతది, రెండో రోజు పొద్దున చేను నడుమ కూడ అట్లనే ఉండి, చుట్టుకున్న ఆకుల సందు నుంచి జల్లు కొస తొంగి చూస్తున్నదంటే, దాచి పెట్టిన తడి ఏదన్నా ఉంటే అది ఆ పొద్దుననే పారించాలె.